ట్రే సూత్రం: సటీకా తాత్పర్యం

మూలం: "ల్యాప్‌టాప్ బయట, బెల్టు ట్రేలో, జేబు ఖాళీ, ముందుకు జరగండి."

అవతారిక. రేణిగుంట విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా ఉంది. 2015 అక్టోబరు 22న ప్రధాని ప్రారంభించిన కొత్త టెర్మినలూ ఉంది. అయినా కువైట్‌కు పనికి పోయేవాళ్లకూ, డల్లాస్‌లో కొడుకు దగ్గరికి బయల్దేరిన అమ్మానాన్నలకూ పాస్‌పోర్టు మీద ముద్ర పడేది పొరుగు రాష్ట్రంలోనే. పుత్తూరు, నగరి మీదుగా పోయే శాఖకు చెన్నై ప్రమాణం. పలమనేరు, కోలారు మీదుగా పోయే శాఖకు బెంగళూరు. ఎక్స్‌రే యంత్రం దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవాను పలికే పై సూత్రం రెండు శాఖలకూ ఒక్కటే. అది హిందీలో వినబడటం పాఠాంతరం మాత్రమే.

ప్రతిపదార్థం. ల్యాప్‌టాప్ = చీరల మడతల కింద కాక, జిప్పు లాగగానే చేతికి తగలవలసినది; బయట = వరుసలో మన వంతు రాకముందే బయట; బెల్టు = ట్రేలో వేయగానే ప్యాంటు జారుతుందని తెలిసీ ఇంటి దగ్గర కట్టుకొచ్చినది; జేబు ఖాళీ = చిల్లర, తాళాలు, ఫోను అన్నీ పోగా మిగిలేది. వెండి మొలతాడు జేబులోనిది కాదు గనుక అది ఈ సూత్రం పరిధిలోకి రాదు. దాని సంగతి చేతి డిటెక్టర్ చూసుకుంటుంది. ముందుకు జరగండి = బెల్టు పెట్టుకోవడం, పర్సులో డబ్బు లెక్కపెట్టుకోవడం వగైరా పక్క బల్ల దగ్గర కానివ్వండి అని భావం.

శంక: పవర్ బ్యాంకు మాట మూలంలో లేదు కదా, పెద్ద సూట్‌కేసులో వేసేస్తే పోదా? సమాధానం: పోదు. లిథియం బ్యాటరీ విమానం పొట్టలో మంటపెడితే ఆర్పే మనిషి అక్కడ ఉండడు. అందుకే అది చేతిసంచిలోనే ఉండాలని నియమం.

ఇక ఊరగాయ ప్రకరణం. టీకాకారులు ఎక్కువ సిరా ఖర్చు చేయవలసింది దీని మీదే. 2006 ఆగస్టులో, అట్లాంటిక్ దాటే విమానాలను ద్రవ పేలుడు పదార్థాలతో కూల్చే కుట్ర బ్రిటన్‌లో బయటపడింది. ఆ పాపం ఇప్పటికీ మన నేతి సీసా మోస్తోంది. విదేశీ విమానంలో చేతిసంచిలోని ద్రవం ఒక్కో సీసాకు 100 మిల్లీలీటర్లు దాటకూడదు. ఇక్కడ లెక్క లోపలి సరుకుది కాదు, సీసాది. పెద్ద సీసా అడుగున రెండు చెంచాల నెయ్యే ఉందని వాదించి గెలిచినవారు లేరు. నూనె తేలే ఆవకాయ కూడా ఈ తరగతే, దాన్ని సూట్‌కేసుకే అప్పగించాలి. తిరుపతి లడ్డూ ఘనపదార్థం గనుక బతికిపోయింది.

కొబ్బరికాయకు చేతిసంచిలో చోటు లేదు. ఇరుముడి మోసే శబరిమల యాత్రికుల కోసం మాత్రం 2024 అక్టోబరులో మినహాయింపు ఇచ్చారు, అదీ 2025 జనవరి 20 వరకే.

ఇమిగ్రేషన్ దగ్గర చాలామంది వ్యాఖ్యాతలు తప్పుదోవ పట్టారు. డిజియాత్ర యాప్ ఉంటే అన్ని తలుపులూ తెరుచుకుంటాయని వారి మతం. అది అపవ్యాఖ్య. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలలో మొదలైన ఆ సదుపాయం దేశీయ ప్రయాణికులది. పాస్‌పోర్టు కౌంటరుతో దానికి చుట్టరికం లేదు. అక్కడ పనికొచ్చేది కేంద్ర హోం శాఖ వారి 'ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్, ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్'. 2024 జూన్ 22న ఢిల్లీలో మొదలై, 2025 జనవరి 16న చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌తో సహా మరో ఏడు విమానాశ్రయాలకు వచ్చింది. భారత పౌరులూ ఓసీఐ కార్డు ఉన్నవారూ అర్హులు. నమోదైనవారు ఈ-గేటు దగ్గర బోర్డింగ్ పాసు, పాస్‌పోర్టు చూపి, ముఖం సరిపోలగానే దాటిపోవచ్చు.

దాటి ఎక్కడికి? మన దగ్గర ఇమిగ్రేషన్ ముందు, ట్రే తర్వాత. కాబట్టి ఈ-గేటు మనిషిని వేగంగా తీసుకెళ్లి ట్రే వరుస తోకకు అతికిస్తుంది. తిరుపతివారికి ఇది అలిపిరి న్యాయంగా సుపరిచితమే. 2025 ఆగస్టు 15 నుంచి కొండెక్కే వాహనాలకు ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. దాంతో టోలు చెల్లించడానికి చిల్లర వెతకక్కర్లేదు గానీ, సామాను దించి స్కానర్‌లో పెట్టడం తప్పలేదు.

తాత్పర్యం. ఇమిగ్రేషన్ వరుసను నమోదు తగ్గిస్తుంది, ట్రే వరుసను ముందురోజు రాత్రి సంచి సర్దిన చెయ్యి తగ్గిస్తుంది. ఒకదాని పని రెండోది చేయదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. దానికి పాస్‌పోర్టులో కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. నమోదు చెల్లేది అయిదేళ్లు, లేదా పాస్‌పోర్టు గడువు తీరేవరకు, ఏది ముందైతే అది. గడువు దగ్గరపడినవారు ముందు పాస్‌పోర్టు కొత్తది తీసుకుని, ఆ తర్వాత దరఖాస్తు చేసుకోవడం మేలు.