కిరాయి ఇంజను

నేను మీటర్‌గేజి డీజిల్ ఇంజన్ని. రైల్వే లెక్కల్లో నా జాతి పేరు వై.డి.ఎం.-4. నమూనా అమెరికాలోని ఆల్కో కంపెనీది, పుట్టుక వారణాసి కార్ఖానాలో, పెంపకం గుంతకల్లు షెడ్డులో. ఇప్పుడు ఉంటున్నది మలేషియాలో, పేరాక్ రాష్ట్రంలోని బతు గజా అనే ఊళ్ళో, ఎవరికీ అక్కర్లేని ఒక సైడింగులో. మలయ్ భాషలో బతు అంటే రాయి, గజా అంటే మన గజమే. రాతి ఏనుగు అనే ఊళ్ళో 72 టన్నుల తుప్పు ఏనుగుని.

గుంతకల్లు రోజులు బాగుండేవి. నంద్యాల దాటి నల్లమలలోకి దిగితే బొగద సొరంగం, దొరబావి వంతెన, ఆ వంతెన మీద గాలి. గిద్దలూరు వచ్చేదాకా కోతులే తోడు. మా షెడ్డులో ఒక ఖలాసీ నా కేబిన్‌లో, డ్రైవరు సీటు వెనక, అరచేతంత మేర ఎర్ర రంగుతో ‘శ్రీ నెట్టికంటి ఆంజనేయ’ అని రాశాడు. కసాపురం స్వామి ఊరి పక్కనే ఉండగా ఇంజనుకి వేరే భయమేముంది అని అతని ధీమా.

1992లో దేశమంతా ఒకే గేజి అన్నారు. మీటరు పట్టాలు పీకి బ్రాడ్‌గేజి వేసుకుంటూ వచ్చారు. పట్టాలు వెడల్పయ్యాయి కానీ నా చక్రాలు కాలేదుగా. మంచి వయసులో ఉన్న ఇంజన్లం పనిలేక షెడ్డు బయట ఎండకి నిలబడ్డాం. అప్పుడు తెలిసింది, సముద్రం అవతల ఒక దేశం మొత్తం మీటరు గేజి మీదే నడుస్తోందని, వాళ్ళకి ఇంజన్లు చాలడం లేదని. సేద్యం లేని రోజుల్లో కాడెద్దుల్ని పక్కూరికి కిరాయికి తోలినట్టు, భారత ప్రభుత్వ సంస్థ ఇర్కాన్ మా జాతివాళ్ళని కొందరిని మలేషియా రైల్వేకి కిరాయికి తోలింది. అలా 1990ల రెండో సగంలో ఓడెక్కాను.

ఇక్కడ రైలుని కెరెతాపి అంటారు. కెరెతా అంటే బండి, ఆపి అంటే నిప్పు. మనవాళ్ళకి మొదట కనబడింది పొగ, వీళ్ళకి నిప్పు.

కౌలాలంపూరులో సెంతుల్ వర్క్‌షాపుకి తీసుకెళ్ళారు. డ్రైవర్లు నన్ను చూసి పెదవి విరిచారు. వాళ్ళ ఇంజన్లకి రెండు వైపులా కేబిన్లు, నాకు ఒక్కటే. పైగా ముందు ఇంత పొడుగు ముక్కు. దాని అవతల పట్టా కనపడదని గొణిగేవారు. రంగు మార్చడానికి వచ్చిన ఫిట్టరు ఒకాయన కేబిన్ గోకుతూ గోకుతూ ఆ ఎర్ర అక్షరాల దగ్గర ఆగాడు. చదవడం రాదు. కానీ నాయనమ్మ ట్రంకుపెట్టెలోని పుస్తకంలో ఇలాంటి గుండ్రటి అక్షరాలే చూశానని, మాతో వచ్చిన మన మెకానిక్కుని పిలిచి చూపించాడు. మెకానిక్కుది అనంతపురం వైపు.

“ఏం అన్నా, తెలుగోడివా? యా ఊరు మీది?”

“బగాన్ దాతో, తమ్ముడా. కొబ్బరి ఎస్టేటు.”

“అది కాదన్నా, అంతకు ముందు?”

“అంతకు ముందు మా తాతకే తెల్దు. కాకినాడలో ఓడెక్కినాడు, అంతే.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఫిట్టరు ఆ అరచేతంత చోటు వదిలేసి మిగతా కేబినంతా రంగు వేశాడు.

ఆ ఫిట్టరు నోటే ఈ రైల్వే భాగోతం విన్నాను. 1992 ఆగస్టు 1న రైల్వే శాఖ కాస్తా కెరెతాపి తానా మెలాయు బెర్హాద్ అనే కంపెనీ అయింది. వాటాలన్నీ సర్కారువే, కాకపోతే లెక్కలు కంపెనీ లెక్కలు. పట్టాలు, భూములు మాత్రం కంపెనీకి ఇవ్వలేదు. వాటికి రైల్వే ఆస్తుల కార్పొరేషన్ అని వేరే సంస్థ పెట్టారు. “రాత్రి గవర్మెంటు మనిషిగా పడుకున్నాను, పొద్దున్నే కంపెనీ మనిషిగా లేచాను. నా పెన్షన్ ఏటవుతాదో ఎవడూ సరిగ్గా చెప్పడు” అనేవాడు ఫిట్టరు. నేను చేరాక చిక్కు ఇంకాస్త పెరిగింది. పట్టా కార్పొరేషన్‌ది, బండి కంపెనీది, లాగే ఇంజను పరదేశానిది, పెట్టెల్లో సిమెంటు ఏ వ్యాపారిదో. గేటు దగ్గర గేదె అడ్డం వస్తే హారన్ కొట్టాల్సింది మాత్రం నేనే.

ఈ దేశంలో రైలుకి ప్రైవేటు కొత్తకాదు. 1885 జూన్ 1న తైపింగ్ నుంచి పోర్ట్ వెల్డ్ దాకా తగరం మోయడానికి సుమారు 13 కిలోమీటర్ల మొదటి లైను పడింది. అది పేరాక్ రాష్ట్ర ప్రభుత్వానిదే. కానీ 1891లో సెరెంబాన్ నుంచి పోర్ట్ డిక్సన్ రేవుకి లైను నడిపింది సుంగై ఉజోంగ్ రైల్వే అనే ప్రైవేటు కంపెనీ. 1908లో దాన్ని సర్కారు కొనేసింది. మనకి ఇది వింతా? నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అని పేరులోనే గ్యారంటీ పెట్టుకుని, లండన్ కంపెనీ చేతిలో ఉండి, 1930లో మళ్ళీ నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన లైను సికింద్రాబాదుది. వడ్డీకి పూచీ రాజుగారిది, రైలు కంపెనీది. అలాంటి ఏర్పాటు దొరికితే నేనూ ఒక కంపెనీ పెట్టేవాణ్ణి.

నేను వచ్చిన కొత్తలో ప్రైవేటు ముచ్చట మంచి జోరు మీద ఉంది. రెనాంగ్, డి.ఆర్.బి.-హైకామ్ లాంటి పెద్ద సంస్థలున్న కూటమి ఏకంగా రైల్వే కంపెనీ నిర్వహణనే చేతిలోకి తీసుకుంది, ముందుముందు కొనేద్దామని. కౌలాలంపూరు పట్నంలో 1996 డిసెంబరులో స్టార్ అనే లైటు రైలు, 1998లో పుత్రా అనే ఇంకో లైటు రైలు మొదలయ్యాయి. రెండూ ప్రైవేటువే. పుత్రాకి డ్రైవరే లేడు, దానంతట అదే నడుస్తుంది. ఆ మాట విన్న రాత్రి మా షెడ్డులో డ్రైవర్లెవరూ సరిగా భోంచెయ్యలేదు. కానీ కథ అడ్డం తిరిగింది డ్రైవరు లేకపోవడం వల్ల కాదు. 1997లో థాయిలాండులో బాత్ కూలి, రింగిట్ కూలి, అప్పులు తెచ్చి కట్టిన రైళ్ళకి అనుకున్నంత మంది జనం ఎక్కక, వడ్డీలు కట్టలేక రెండూ చతికిలబడ్డాయి. 2002లో ప్రభుత్వం ప్రసారానా అనే సొంత సంస్థతో వాటిని తీసుకుంది. మా కంపెనీని కొందామన్న కూటమీ తప్పుకుంది. 2003లో మొదలైన మోనోరైలుదీ అదే దారి, నాలుగేళ్ళకి ప్రసారానా ఒళ్ళోకే చేరింది.

అందరూ మునిగారని చెబితే మాత్రం అబద్ధం. 2002 ఏప్రిల్‌లో కౌలాలంపూరు కొత్త స్టేషను కె.ఎల్. సెంట్రల్ నుంచి విమానాశ్రయానికి 57 కిలోమీటర్లు 28 నిమిషాల్లో వెళ్ళే బండి వచ్చింది. వై.టి.ఎల్. సంస్థ ముందుండి కట్టిన ప్రైవేటు రైలది, నిలబడింది. విమానం ఎక్కేవాడు టిక్కెట్టు ధర చూసి వెనకాడడుగా. వాడి గేజి వేరు, నా పట్టా మీదికి రాడు, నాకు వాడితో పేచీ లేదు.

రైల్వేలో ప్రైవేటువాడికి అన్నిటికంటే తియ్యగా కనబడింది బండి కాదు, బండి కింద నేల. కౌలాలంపూరులోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో గూడ్సు పెట్టెలు విడదీసి, జతచేసే పెద్ద యార్డు ఉండేది. చుట్టూ రైల్వే క్వార్టర్లు, కోవెళ్ళు, మనవాళ్ళ కొట్లు. 1994లోనే ఎం.ఆర్.సి.బి. ముందున్న కూటమికి దాన్ని ఒప్పజెప్పారు. వాళ్ళు స్టేషను కట్టి ఇవ్వాలి, 72 ఎకరాల మీద పట్నం కట్టుకోవాలి. 2001లో కె.ఎల్. సెంట్రల్ తెరుచుకుంది. స్టేషను బాగుంది, కాదనను. వానలో తడవకుండా ఒక రైలు దిగి ఇంకో రైలెక్కొచ్చు. హబ్బాక్ దొర గీసిన 1910 నాటి పాత స్టేషను, ఆ తెల్ల గుమ్మటాలది, ఒక్కసారిగా పెళ్ళయిపోయిన ఇల్లులా అయింది. సెంతుల్‌లో మా వర్క్‌షాపు పక్క పాత షెడ్డొకటి 2005లో నాటకశాల అయింది. ఒకప్పటి షెడ్డులో ఇప్పుడు తబలా వాయిస్తున్నారని ఫిట్టరు చెప్పాడు. దాని మీద నాకు కోపం రాలేదు.

ఇక నా సంగతి. సెరెంబాన్ నుంచి గెమాస్ దాకా 98 కిలోమీటర్లు జంట లైను వేసి, పైన కరెంటు తీగలు కట్టే కంట్రాక్టు ఇర్కాన్‌కే దక్కింది. నన్ను కిరాయికి తెచ్చిన ఇర్కానే. ఢిల్లీలో అది సర్కారు సంస్థ, ఇక్కడ బయటి కంట్రాక్టరు. సముద్రం దాటితే సర్కారు కూడా ప్రైవేటు అవుతుందని నాకు అప్పుడు తెలిసింది. 2013లో ఆ పని పూర్తయింది. తీగలు కట్టడానికి సామాను మోసిన బళ్ళని నాలాంటివాళ్ళమే లాగాం. తీగల్లో కరెంటు వచ్చాక మాకు పని తగ్గింది, నన్ను తెచ్చి ఈ సైడింగులో వదిలేశారు. 2010లోనే ఇపో దాకా ఈ.టి.ఎస్. అనే కరెంటు రైలు మొదలైంది, ఇప్పుడు ఈ సైడింగు పక్కనుంచే చప్పుడు లేకుండా పోతుంది. 2015లో ఈ బతు గజాలోనే చైనా కంపెనీ ఒకటి రైళ్ళ కార్ఖానా తెరిచింది. మా ఫిట్టరు అప్పటికే రిటైరయ్యాడు.

నిన్న ఎవరో ఇద్దరు వచ్చారు. ఒకడు టేపు పెట్టి కొలిచాడు, ఇంకొకడు ఫోనులో పాత ఇనుము రేటు చూశాడు. కొలిచినవాడు కేబిన్‌లోకి ఎక్కి సుద్దముక్కతో లాటు నంబరు రాయబోయి, ఎర్ర అక్షరాలు చూసి ఆగాడు. ఏ భాషో తెలియలేదు వాడికి. చెయ్యి కాస్త పక్కకి జరిపి, అక్షరాల మీద పడకుండా నంబరు రాసి, మెల్లగా దిగాడు.