జెర నొస్తున్నదన్నా: ఒక డోర్నకల్ వాక్యానికి టీక, తాత్పర్యం

మూలం: "కాలు జెర నొస్తున్నదన్నా, ఇయ్యాల ఒక్క రౌండే కొడ్త."

ఈ వాక్యానికి కర్త ఎవరో చెప్పడం కష్టం. పోలీసు నోటిఫికేషన్ పడుతుందట అన్న మాట వినబడ్డప్పుడల్లా ఒక కొత్త కర్త పుడుతుంటాడు. దేశకాలాలు మాత్రం స్పష్టం. దేశం మహబూబాబాద్ జిల్లా డోర్నకల్. కాజీపేట–విజయవాడ లైను నుంచి భద్రాచలం రోడ్డు వైపు పట్టాలు చీలే జంక్షన్. కాలం తెల్లవారుజాము, టీకొట్టు పొయ్యి ఇంకా రాజుకోని వేళ. వక్తకు ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్లుంటాయి. కుడికాలి బరువంతా ఎడమకాలి మీదికి నెట్టి నిలబడ్డాడు. శ్రోత పేరు అన్న. అన్న చేతిలో ఫోను, ఫోనులో స్టాప్‌వాచీ.

ఇంత చిన్న మాటకు టీక దేనికని అడగవచ్చు. వ్యాఖ్యాతల్లో మేటి మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడే. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తాకి మూర్ఛపోయిన కాళిదాసు కవిత్వాన్ని లేపడానికని తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడు. భారవి కావ్యానికి రాసినదాన్ని ఘంటాపథం, అంటే రాచబాట, అన్నాడు. ఇక్కడ రెండూ కావాలి: పరుగెత్తేవాడికి బాట, బాట మీద కుంటేవాడికి మందు. ప్రస్తుత వ్యాఖ్యాత ఆ నియమంలో మొదటి సగానికి పూచీ పడుతున్నాడు. రెండో సగం సంగతి పాఠకులే చూసుకోవాలి.

అవతారిక. 2022 ఏప్రిల్ నోటిఫికేషన్‌తో తెలంగాణ కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షల్లో మగవాళ్లకున్న ఐదు అంశాలు మూడయ్యాయి: పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. పరుగు 1600 మీటర్లు. గడువు 7 నిమిషాల 15 సెకన్లు. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. లెక్కేస్తే మగవాళ్లకు వంద మీటర్లకు 27 సెకన్ల చొప్పున పడుతుంది. వినడానికి తేలికే. రోజూ పొద్దున్నే, నెలల తరబడి, తారురోడ్డు మీద, బజార్లో కొన్న బూట్లతో అదే పని చేసినవాడికి మాత్రం ఏదో ఒక రోజు పై వాక్యం నోట్లోంచి రాక తప్పదు. ఇక పదాలు.

కాలు. తెలుగులో ఈ మాటకు సరిహద్దులు లేవు. తుంటి నుంచి బొటనవేలి గోరు దాకా అంతా కాలే. కాబట్టి "కాలు నొస్తున్నది" అన్నవాడు ఇంకా ఏమీ చెప్పనట్టే. అరికాలా, మడమా, చీలమండా, మీగాలా, వేళ్ల మొదళ్లా? ఒక్క పాదంలోనే 26 ఎముకలు ఉన్నాయి. మనిషి ఒంట్లో 206 ఎముకలుంటే రెండు పాదాలవే 52, అంటే పావు వంతు. ఈ పావు వంతు మాట కాకతాళీయం కాదని వ్యాఖ్యాత మనవి. పాత తెలుగు లెక్కల్లో కాలు అంటేనే పావు. ముక్కాలు అన్న మాటలో అది ఇప్పటికీ బతికి ఉంది. సంస్కృతంలోనూ అంతే, పాదం అంటే నాలుగో వంతు. పద్యానికి నాలుగు పాదాలు. మన ఛందస్సు నడకల్లో ఏనుగుకు ద్విరదగతి, లేడికి హరిణగతి, ఎద్దుకు వృషభగతి అని రగడలున్నాయి. గుర్రానికైతే తురగవల్గన, హయప్రచార అని రెండు. కుంటేవాడికి మాత్రం లాక్షణికులు ఒక్కటీ కేటాయించలేదు.

జెర. ఈ వాక్యానికి ప్రాణం, ప్రమాదం రెండూ ఇందులోనే ఉన్నాయి. సంస్కృతం మాత్రమే చదివినవారు జర అంటే ముసలితనం కాబట్టి "కాలికి వార్ధక్యం వచ్చి నొస్తున్నది" అని అర్థం చెబుతారు. అది పొసగదు, వక్త వయసు పైనే చెప్పాం. ఇది ఉర్దూ నుంచి వచ్చిన జర, కాస్త అని అర్థం. ఒక్క వాక్యంలో ఉర్దూ జెర, ఇంగ్లిషు రౌండు, తెలుగు కాలు కలిసి ఉండటం డోర్నకల్ వాళ్లకు వింత కాదు. 1939లో ప్రతిష్ఠ జరిగిన వాళ్ల ఎపిఫనీ కెథెడ్రల్‌లో మసీదు తీరు గుమ్మటాలు, గుడి తీరు స్తంభాలు ఒకే కప్పు కింద కుదురుగా ఉన్నాయి.

అర్థం తేలింది. పరిమాణం తేలలేదు. జెర అంటే ఎంత? చెప్పేవాడికి భయం ఎంత ఎక్కువైతే మాట అంత చిన్నదవుతుంది. "జెర" అన్నవాడు ఆపేయమంటారేమోనన్న బెంగతో అంటాడు. "సచ్చిపోతున్నా" అన్నవాడికి సాధారణంగా ఏమీ ఉండదు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో పి.వి. సింధుకు ఎడమ పాదం నొప్పి క్వార్టర్ ఫైనల్లో మొదలైంది (క్వార్టర్ అంటే పావు, పావు అంటే కాలు). నొప్పితోనే సెమీస్ ఆడింది, ఫైనల్ ఆడింది, ఆగస్టు 8న స్వర్ణం గెలిచింది. తర్వాత తీరిగ్గా పరీక్షిస్తే అది స్ట్రెస్ ఫ్రాక్చర్, ఎముకలో సన్నని చీలిక. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమైంది. మళ్లీ బరిలో దిగింది 2023 జనవరిలో. ఆమె ముందు ఉన్నది ఫైనల్, పక్కన ఉన్నది ఫిజియో. మన వక్త ముందు ఉన్నది మామూలు మంగళవారం, పక్కన ఉన్నది అన్న.

నొస్తున్నది. ఇక్కడ మూడు పాఠాంతరాలు దొరుకుతున్నాయి: నొచ్చింది, నొస్తది, నొస్తున్నది. వ్యాకరణంలో భూతం, తద్ధర్మం, వర్తమానం. వైద్యుడు కూడా ముందు అడిగేది ఇదే, కాకపోతే క్రియారూపాల పేర్లు చెప్పడు.

"నొచ్చింది" అన్న పాఠమైతే కథ నిన్నటిది. చీకట్లో రాయికి తగిలి బొటనవేలు చిట్లింది, లేదా కొత్త బూటు ఒరుసుకుని బొబ్బ లేచింది. చిట్లిన వేలిని సబ్బునీళ్లతో కడగాలి. టెటనస్ సూది ఎన్నేళ్ల కింద వేయించుకున్నాడో ఇంట్లో అడగాలి. బొబ్బ పైపొరను ఒలవకూడదు. అది శరీరం ఉచితంగా కట్టిన కట్టు. పాదం మెలిపడి బెణికిందే అనుకుంటే, కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో తేల్చిన సులువైన పద్ధతి ఉంది: దెబ్బ తగిలిన కాలి మీద నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ దగ్గర, పాదం మధ్యలో చెప్పిన చోట ఎముకను నొక్కితే నొచ్చినా ఎక్స్‌రే తీయాలి. లేకుంటే చాలావరకు అక్కరలేదు.

"నొస్తది" అన్న పాఠం మరీ తరచు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మొల దిగినట్టవుతుంది. పది అడుగులకు సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. ఇప్పటి వైద్యులు ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా సాగే పట్టీ మీద తాహతుకు మించిన భారం పడటం దీనికి మూలం. పాదం ఎగుడుదిగుడుగా మోపడం వల్ల వచ్చే ఇలాంటి బాధకు సుశ్రుతుడు నిదానస్థానంలో వాతకంటకం అని పేరు పెట్టాడు. కంటకం అంటే ముల్లు. ముల్లు లేకుండానే ముల్లు గుచ్చుకున్న బాధకు ఇంతకన్న మంచి పేరు ఇంగ్లిషువాళ్లు ఇప్పటికీ పెట్టలేదు. దీని చికిత్సలో వీరత్వమేమీ లేదు: మంచం దిగకముందే వేళ్లను చేత్తో పట్టి వెనక్కి లాగడం, గోడకు చేతులానించి పిక్కలు సాగదీయడం, గడ్డకట్టిన నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించడం. నెలలు పట్టవచ్చు. ఓపిక లేనివాడు బామ్ రాస్తాడు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదలుపెట్టిన అమృతాంజనం డబ్బే తర్వాత ఆంధ్రపత్రికను నిలబెట్టింది కనుక, తెలుగులో పత్రికలకు రాసేవాళ్లెవరూ బామ్‌ను చులకన చేయకూడదు. అయినా చెప్పక తప్పదు: బామ్ మంట నొప్పిని కాసేపు మరిపిస్తుంది, తెగినదాన్ని అతికించదు. పరుగుకు ముందు నొప్పి మాత్ర మింగడం ఇంకో మెట్టు కింద. సిగ్నల్ లైటు మీద గుడ్డ కప్పినంత మాత్రాన లైను క్లియరైపోదు.

మూలంలో ఉన్నది మాత్రం "నొస్తున్నది". ఇదీ భయపడాల్సిన పాఠం. పరుగెత్తే కొద్దీ పెరిగి, ఆపినా పూర్తిగా పోక, రాత్రి పడుకున్నా సలిపి, మీగాలి మీద ఒక్క వేలితో "ఇక్కడ" అని చూపించగలిగే నొప్పి అయితే ఎముకను అనుమానించాలి. 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు కవాతు చేసీ చేసీ పాదాలు వాచిన సిపాయిల్లో ఈ బాధను గుర్తించి రాశాడు. అందుకే దీనికి మార్చ్ ఫ్రాక్చర్ అన్న పేరు వచ్చింది. పోలీసు కాకముందే పోలీసు రోగం రావడం ఈ వాక్యంలోని ధ్వని. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. "ఫొటో మంచిగనే ఉంది" అని మర్నాడే గ్రౌండుకు వచ్చినవాడు అక్కడే దెబ్బతింటాడు.

అన్నా. సంబోధన ప్రథమ. ఇది చుట్టరికం కాదు, ఉద్యోగం. జీతం మాత్రం లేదు. కిందటి నోటిఫికేషన్‌లో కొద్దిలో తప్పినవాడే ఈ నోటిఫికేషన్‌కు అన్న అవుతుంటాడు.

ఇయ్యాల. ఈ రోజు ఒక్కరోజే అని పైకి కనిపించే అర్థం. మరి నిన్న? శంక: నిన్న ఏం చేశాడు? సమాధానం: ఎనిమిది రౌండ్లు. మొన్న? ఎనిమిది. పదిహేను రోజుల కింద? సున్నా. చాలా పాదాల కథ ఇంతే. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే కొత్త పనికి అలవాటుపడతాయి. ఎముకలకు, నరాలని మనం పిలిచే స్నాయువులకు నెలలు కావాలి. ఊపిరి ఆడుతోంది కదా అని పరుగు పెంచినవాడిని పాదం వెనక నుంచి పట్టి లాగుతుంది. దినచర్యలో యతిస్థానం ఎక్కడుండాలో పరుగుకు ముందే తేల్చుకోవాలి. అది తప్పితే పద్యం ఎలా తూలుతుందో మనిషీ అలాగే తూలుతాడు.

అలాగని మంచమెక్కమని కాదు. ఈ సంగతి జంక్షన్ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. పట్టా బలహీనంగా ఉంటే రైల్వేవాళ్లు వెంటనే లైను మూయరు, డ్రైవరు చేతికి కాషన్ ఆర్డర్ ఇస్తారు: ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా మెల్లగా పో. పట్టా విరిగితేనే బండి ఆగుతుంది. విరగని పాదానికీ అదే వర్తిస్తుంది. సైకిలు తొక్కవచ్చు, షాట్‌పుట్ విసరవచ్చు, దండీలు తీయవచ్చు. నొప్పి పెరగనంత నడవవచ్చు, మర్నాడు పొద్దున మొదటి అడుగు నిన్నటికన్నా నయంగా ఉంటే ఇంకాస్త.

ఒక్క రౌండే. చివరి ఏకారం అవధారణార్థకం. బతిమాలే అర్థం కూడా ఉంది. ఒక్క రౌండు చిన్నదని ఎవరన్నారు? పక్క వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి పరుగెత్తేది ఒక్క రౌండే. పారా క్రీడల 400 మీటర్ల టీ20 విభాగంలో (ఇది క్రికెట్ కాదు) 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడు సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. ఇంటికి తెచ్చిన పతకం ఒక్క రౌండుదే.

పైగా లెక్క ఒకటుంది. 1600 మీటర్లు గడువులో ముగించేవాడు నిమిషానికి 160 అడుగుల చొప్పున సుమారు 1160 అడుగులు వేస్తాడు. ఒక్కో పాదానికి 580. పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడింతల బలం పాదం మీద పడుతుంది. 60 కిలోల మనిషికి 150 కిలోలనుకుంటే, 580 అడుగుల మొత్తం 87,000 కిలోలు. మణుగూరు వైపు నుంచి డోర్నకల్ మీదుగా పోయే బాక్స్-ఎన్ బొగ్గు వ్యాగన్ నిండు బరువు సుమారు 81 టన్నులు. అంటే నాలుగు రౌండ్లలో ఒక పాదం ఒక నిండు వ్యాగన్‌ను విడతలు విడతలుగా మోసి ఇంకా ఆరు టన్నులు పైన వేసుకుంటుంది. ఇలా బలాలను కూడడం భౌతికశాస్త్రం ఒప్పుకోదు, వ్యాఖ్యాన శాస్త్రం ఒప్పుకుంటుంది. నాలుగింటిలో ఒక్క రౌండు అంటే పావు వంతు, పావంటే కాలు. కాలు నొస్తున్నదని కాలు వంతు పరుగుతో బేరమాడటం ఇక్కడి చమత్కారం. ఆ పావు వంతు కూడా దాదాపు 22 టన్నులు.

కొడ్త. తెలుగువాడు రౌండు కొడతాడు, ఈత కొడతాడు, డుమ్మా కొడతాడు. "డుమ్మా కొడ్త" అన్న పాఠాంతరం కొన్ని ఫోన్లలో కనబడుతుంది గాని, ఈ వక్త శీలానికి అది చెల్లదు. కొట్టేవాడు కర్త, దెబ్బ తినేది నేల అని వ్యాకరణం. న్యూటన్ మూడో సూత్రం ఒప్పుకోదు. పాదం నేలను ఎంత బలంగా కొడితే నేల పాదాన్ని అంతే బలంగా కొడుతుంది. దీనికి తెలుగులో ఎదురుదెబ్బ అన్న మాట ఎప్పటినుంచో ఉంది. ఓడిన పార్టీల గురించి రాసి రాసి పత్రికలు ఆ మాటకు బొటనవేలి అర్థాన్ని అరగదీశాయి. ఇక్కడ దాన్ని మొదటి అర్థంలోనే తీసుకోవాలి.

తాత్పర్యం. కాలు ఎక్కడో చెప్పలేదు, జెర ఎంతో చెప్పలేదు, ఎప్పటి నుంచో చెప్పలేదు. ఆ మూడు తెలియకుండా ఒక్క రౌండు మంచిదా చెడ్డదా అని తేల్చడానికి ఎవరికీ అధికారం లేదు. మూలం ఇక్కడితో సమాప్తం. ఒక ప్రతిలో మాత్రం దీని కింద అన్న జవాబు కూడా ఉంది:

"బూటిప్పు, సూద్దాం."

మల్లినాథుడి నియమంలో రెండో సగాన్ని అనుసరించి దీనికి టీక రాయడం లేదు.