ఎన్ని జీబీ అబయా?

గ్రాఫిక్ కార్డు కొనాలనుకునే ఉదయగిరి, ఆత్మకూరు పిలకాయలు ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. కార్డు ఆట కోసం కాదు, అడిగేవాళ్ళ కోసం. బస్టాండులో టీ తాగేటప్పుడు గానీ, పెళ్ళి పందిట్లో మేనమామ పక్కన కూర్చున్నప్పుడు గానీ ఎవరైనా అడిగేది ఒకటే ప్రశ్న: "ఎన్ని జీబీ?" సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయని ఈ నెల్లూరు పడమటి మండలాల్లో ఎవరూ ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు. కాబట్టి ఆ ఒక్క ప్రశ్నకు గట్టి జవాబు చెప్పగలిగిన కార్డే మంచి కార్డు. ఈ సూత్రం ఒంటబట్టిందంటే కింద చెప్పేవన్నీ నీకు నువ్వే కనిపెట్టుకుంటావు. నేను రాసేది ఊరికే గుర్తు చేయడానికి.

చేతిలో రొంత డబ్బే ఉన్నవాడికి జీటీ 730 నాలుగు జీబీ కార్డును మించింది లేదు. 2014లో వచ్చింది. పదేళ్ళు దాటినా ఇంకా కొత్త డబ్బాలో అంగళ్ళలో దొరుకుతోందంటే దాని సత్తా ఏపాటిదో చూడు. చదువుకున్నవాళ్ళు కొందరు అడ్డం పడతారు. అంగళ్ళలో ఎక్కువగా దొరికే రకంలో ఉండేది డీడీఆర్3 మెమరీ అనీ, దాని దారి 64 బిట్లేననీ, సెకనుకు 14.4 జీబీ మాత్రమే మోస్తుందనీ అంటారు. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650లోనూ నాలుగు జీబీలే ఉన్నా అది సెకనుకు 128 జీబీ మోస్తుందట. మోయనీ. డబ్బా మీద రెండింటికీ నాలుగనే కదా రాసుంది! మేనమామ డబ్బా చూస్తాడు గానీ లోపలి దారి కొలవడు.

పేరు ఒకటే అయితే కార్డు కూడా ఒకటే అని నమ్మడం అలవాటు చేసుకో. పేరు పక్కనుండే చిన్న అక్షరాలు చదివితే నిద్ర పట్టదు. జీటీ 1030లు రెండున్నాయి. 2017లో వచ్చినదానిలో జీడీడీఆర్5, మరుసటి ఏడు వచ్చినదానిలో డీడీఆర్4. మొదటిది సెకనుకు 48 జీబీ మోస్తే రెండోది 16.8. ఆటలో వేగం దాదాపు సగానికి పడిపోతుంది, పేరులో మాత్రం అక్షరం కూడా మారలేదు. ఆర్‌ఎక్స్ 580 కొంటే 2304 కోర్లు ఉండాలి. చైనా బజారు కోసం చేసిన 2048ఎస్‌పీ అనే తమ్ముడు కూడా అన్న పేరు చెప్పుకునే ఊళ్ళు తిరుగుతున్నాడు. వాడిలో ఎన్ని కోర్లో పేరులోనే ఉంది, నువ్వు చదవకుండా ఉంటే చాలు. ఆర్‌టీఎక్స్ 3050లోనూ ఇదే కథ. 8 జీబీ రకంలో 2560 కోర్లు, మెమరీ దారి 128 బిట్లు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీ రకంలో కోర్లు 2304కు దిగాయి, దారి 96 బిట్లకు కుంచించుకుంది.

ఈ ఆరు జీబీ రకం దగ్గర ఒక తిరకాసుంది, జాగ్రత్త. అది తాగేది 70 వాట్లే. మదర్‌బోర్డు స్లాటే అంత కరెంటు ఇస్తుంది కాబట్టి చాలా రకాలకు వేరే వైరు తగిలించే పని ఉండదు. పాత ఆఫీసు కంప్యూటరు ఉన్న బుద్ధిమంతుడు సరిగ్గా దీన్నే వెతుక్కుంటాడు. నువ్వు మాత్రం దాని జోలికి పోవద్దు. వైరు అడగని కార్డంటే వచ్చి కాఫీ కూడా అడగని అల్లుడిలాంటిది. వీధిలో ఏం మర్యాద ఉంటుంది?

ఇక కంప్యూటరుకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్. దీని మీద డబ్బు పెట్టేవాడు అమాయకుడు. కేబినెట్ కొన్నప్పుడు దానితోపాటే వచ్చిన తేలికపాటి డబ్బా ఒకటుంటుంది, దాని మీద '450 వాట్లు' అని స్టిక్కరుంటుంది. స్టిక్కరు మీద అచ్చయిందంటే తిరుగులేదు. అదే స్టిక్కరు మీద చిన్న గళ్ళలో 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో కూడా రాసుంటుంది. ఆ అంకెను 12తో గుణిస్తే ప్రాసెసరుకూ కార్డుకూ కలిపి నిజంగా దక్కే వాట్లు తేలతాయి. 15 ఆంపియర్లని ఉందనుకో, 180 వాట్లు. ఆర్‌ఎక్స్ 580 ఒక్కటే 185 వాట్లు అడుగుతుంది. ప్రాసెసరు ఏం తిని బతకాలి అని నీకు అనుమానం రావచ్చు. గుణకారం చేయొద్దని చెబుతున్నది అందుకే.

కార్డుకు ఎనిమిది పిన్నుల వైరు కావాలి, నీ డబ్బాలో ఆ వైరే ఉండదు. దిగులు పడకు. హార్డ్‌డిస్కులకు పోయే పాత నాలుగు పిన్నుల వైర్ల నుంచి ఎనిమిది పిన్నులకు మార్చే కన్వర్టరు ఏ అంగట్లోనైనా ఇస్తారు. ఎనిమిది పిన్నుల మూతి గుండా 150 వాట్ల దాకా పారుతుంది, ఆ సన్నటి వైర్లు అంత మోయడానికి చేసినవి కావు. ఆట మధ్యలో స్క్రీను నల్లబడి కంప్యూటరు దానంతటదే ఆగిపోతే అది దాని విశ్రాంతి సమయమనుకో. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే అగరొత్తి వెలిగించు.

మన వైపు చాలా ఇళ్ళలో ఉండేవి కంపెనీలు వాడి వదిలేసిన డెల్, హెచ్‌పీ ఆఫీసు కంప్యూటర్లు. వాటిలో ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ కొలతలతో ఉంటుంది, మదర్‌బోర్డుకు పోయే మూతి కూడా చాలాసార్లు వేరే ఆకారంలో ఉంటుంది. బయట కొన్నది అందులో కూర్చోదు. సన్నరకం కేబినెట్ అయితే మామూలు ఎత్తు కార్డు కూడా పట్టదు, పొట్టి కార్డు కావాలి. ఇవన్నీ టేపు పెట్టి ముందే కొలుచుకునేవాడికి కొనడంలో ఉత్కంఠ ఏముంటుంది? ముందు కొను, ఆ తర్వాత కొలువు. పట్టకపోతే వెల్డింగ్ అంగడికి తీసుకెళ్ళు, హార్డ్‌డిస్కు కూర్చునే రేకు కోసేస్తారు. ఉదయగిరిలో చెక్కను చెంచాలుగా, ఫోర్కులుగా నగిషీలతో చెక్కే చేతులు ఉన్నాయి, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అదే ఊళ్ళో ఒక రేకు కోయడం ఎంతసేపు!

ప్రాసెసరు సంగతి ఎత్తేవాళ్ళను దూరం పెట్టు. 2012 నాటి ఐ5 3470 పక్కన ఆర్‌టీఎక్స్ 4060 పెడితే, ప్రాసెసరు అందించే పని చాలక కార్డు సగం సేపు చేతులు కట్టుకుని కూర్చుంటుందంటారు. కూర్చోనీ, కష్టపడి సంపాదించిన కార్డు కదా! ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ గురించి ఇంకో పితూరీ ఉంది. 2022 జనవరిలో వచ్చిన ఆ కార్డు నాలుగు లైన్ల మీదే మదర్‌బోర్డుతో మాట్లాడుతుందట. కొత్త పీసీఐఈ 4 బోర్డులో సర్దుకుపోతుంది గానీ పాత పీసీఐఈ 3 బోర్డులో ఆ దారి సగమై, నాలుగు జీబీ నిండగానే తడబడుతుందట. అంటే పాత కంప్యూటరు ఉన్నవాళ్ళను ఆశపెట్టే ధరలో వచ్చిన కార్డు పాత కంప్యూటరులోనే బాగా ఆడదన్నమాట. ఇందులో ఉన్న హాస్యం కోసమైనా కొనదగ్గ కార్డు.

నువ్వు ఆడే ఆట ఏందని ఎవరైనా అడిగితే మాట మార్చు. నువ్వు ఆడేవి శాన్ ఆండ్రియాస్, వాలొరంట్. మొదటిది 2005లో కంప్యూటరుకు వచ్చిన ఆట. రెండోదానికి కనీస అర్హతగా వాళ్ళు రాసుకున్నది ఇంటెల్ హెచ్‌డీ 4000, అంటే ఆ పాత ఐ5 తరం ప్రాసెసర్ల లోపలే వచ్చిన బొమ్మల యంత్రం. ఎనిమిది జీబీ ర్యామ్ ఒక్క ముక్కగా ఉన్నచోట రెండు ముక్కలుగా పెట్టి, హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే కార్డుకు పెట్టే డబ్బులో చిన్న భాగంతోనే కంప్యూటరు లేచి కూర్చుంటుంది. కానీ ర్యామ్ రెండు ముక్కలు చేశానని పెళ్ళి పందిట్లో చెప్పుకోగలవా? అందుకని ఎప్పుడూ ఆడని ఆటను దృష్టిలో పెట్టుకుని కొను. సైబర్‌పంక్ 2077 పేరు పలకడం నేర్చుకుంటే చాలు.

డబ్బు నాయన దగ్గరుంది. ఉదయగిరి దుర్గం పట్టడానికి కృష్ణదేవరాయలంతటివాడికి 1513 నుంచి దాదాపు ఏడాదిన్నర పట్టింది. నీకంత ఓపిక అక్కర్లేదు. డీసీపల్లి వేలం కేంద్రంలో పొగాకు అమ్మి నాయన ఇంటికొచ్చిన సాయంత్రం, కాళ్ళు కడుక్కోకముందే అడుగు. కాళ్ళు కడుక్కున్నాడంటే కౌలు, కూలి, ఎరువు అప్పు, అన్నీ గుర్తొచ్చేస్తాయి. ఆటకని చెప్పకు. బీటెక్‌లో ఏఐ నేర్చుకోవాలంటే ఎన్విడియా కార్డు ఉండాలని చెప్పు. ఇందులో అబద్ధం రవ్వంతే, ఎందుకంటే ఆ చదువులో వాడే సాఫ్ట్‌వేరు చాలామట్టుకు ఎన్విడియా వాళ్ళ క్యూడా మీదే నడుస్తుంది. నువ్వింకా ఇంటర్ మొదటి ఏడే కదా అని నాయనకు తట్టేలోపు డబ్బు చేతిలో పడాలి. కొన్నాళ్ళు ఆగితే ధర తగ్గుతుందనే మాట చెవిన పడనీయకు. 2021లో కరోనా, క్రిప్టో మైనింగు కలిసి కార్డుల ధరలు కొండెక్కించినప్పుడు ఆగినవాళ్ళు మరుసటి ఏడు చవగ్గా కొన్నారు, నిజమే. ఆ ఏడాది పొడుగునా వాళ్ళు బస్టాండులో ఏ మొహం పెట్టుకుని తిరిగారో కూడా ఆలోచించాలి.

సెకండ్ హ్యాండ్ అయితే మనిషి మొహం చూసి కొను, కార్డును చూడకు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో తన పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో దాన్ని తవ్వే పని ఒక్కరోజులో ఆగిపోయింది. రాత్రింబవళ్ళు మండిన కార్డులు కుప్పలుగా బజారున పడ్డాయి. కొన్నింటిని నీళ్ళతో కడిగి మెరిపించారు కూడా. మెరుస్తున్నదంటే శుభ్రమైన ఇంటి నుంచి వచ్చిందని అర్థం. 2010 నాటి జీటీఎస్ 450 కార్డుకు లోపలి బయాస్ మార్చి 1050 టీఐ అని పేరు పెట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఇట్లాంటి దొంగపేర్లను పట్టేసి పేరు ముందే 'ఫేక్' అని చూపిస్తుంది. పెన్‌డ్రైవులో అది వేసుకెళ్ళి, కొనకముందే పావుగంట ఆట ఆడి చూస్తానంటే అమ్మేవాడు నొచ్చుకుంటాడు. మనవైపు మనుషులు ఒకరినొకరు నొప్పించుకోరు. ఆన్‌లైనులో ఒక ధర, చెన్నై మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో ఒక ధర, సికింద్రాబాదు సీటీసీలో ఒక ధర ఉంటుంది. మూడూ పోల్చడం వ్యాపారస్తుల పని. బిల్లు కూడా వద్దను, 18 శాతం జీఎస్టీ మిగిలిందని సంతోషపడు. సాధారణంగా ఉండే మూడేళ్ళ వారంటీ బిల్లుతోపాటే పోతుంది, పోనీ.

రిచీ స్ట్రీట్‌కు కేబినెట్ మొత్తం మోసుకెళ్ళి కార్డు అక్కడే బిగించుకున్నావే అనుకో, దాన్ని విప్పకుండా అట్లాగే తీసుకురా. నెల్లూరులో రైలు దిగి, ఆత్మకూరు బస్సులో చివరి సీటు పట్టుకో. కేబినెట్‌ను నిలబెట్టే పెట్టు. పడుకోబెడితే కార్డు బరువు బోర్డు మీద సమంగా ఆనుతుంది, నిలబెడితే ప్రతి గుంతకూ కార్డు ఒక్కటే స్లాటు పట్టుకుని వేలాడుతుంది. ఇంటికొచ్చేసరికి స్లాటు పగలకపోతే కార్డు గట్టిదని తేలిపోతుంది. దీన్ని మించిన పరీక్ష ఏ ప్రయోగశాలలోనూ చేయరు.

ఇంటికొచ్చాక మానిటరు వైరును ఎప్పుడూ పెట్టే చోటే, అంటే మదర్‌బోర్డుకే పెట్టు. కొత్త కార్డుకు మళ్ళీ వేరే మూతులున్నాయి, వాటిని అరగదీయకు. అట్లా పెడితే కార్డు పనిచేయదు గానీ చల్లగా ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. పట్టుబట్టి కార్డుకే పెడతానన్నా కుదరకపోవచ్చు, ఎందుకంటే నీ మానిటరుది పాత వీజీఏ మూతి, కొత్త కార్డుల్లో ఆ మూతే లేదు. అదీగాక 1366 గుణకారం 768 చుక్కల మానిటరు సెకనుకు అరవై బొమ్మలే చూపిస్తుంది. కార్డు నూట ఇరవై గీసినా మిగతావి ఎవరూ చూడరు. అయినా గీయనీ, కార్డుకు పని అలవాటు కావాలి.

ఎండాకాలం గురించి మనవాళ్ళకు వేరే చెప్పాలా! కేబినెట్‌ను టేబులు అరలోకి తోసి తలుపు వేసి, దుమ్ము పడకుండా పైన అమ్మ పాత చీర కప్పు. ఎన్విడియా కార్డులు చాలావరకు 83 డిగ్రీల దగ్గర తమంతట తాము వేగం తగ్గించుకుంటాయి. మే నెల మధ్యాహ్నం గదే పొయ్యిలా ఉంటే కార్డు అక్కడికి చేరడానికి ఎక్కువసేపు పట్టదు. ఫ్యాను గట్టిగా అరిస్తే కార్డు కష్టపడుతోందని నాయనకు చూపించొచ్చు, డబ్బు వృథా కాలేదని ఆయనకూ తృప్తి. పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకున్నప్పుడు వోల్టేజి దిగుతుంది. ట్యూబులైటు రెపరెపలాడుతుంటే అదే మంచి సమయం, ఆట మొదలుపెట్టు. యూపీఎస్ ఉంది కదా అంటావా? 600 అని రాసున్న ఆ చిన్న డబ్బా ఇచ్చేది సాధారణంగా 360 వాట్లే. 600 వీఏ అంటే 600 వాట్లు కాదని తెలిసినవాళ్ళు ఊళ్ళో ఎందరుంటారు? తెలియనప్పుడు భయమూ ఉండదు.

ఆరు నెలలకు ఇదంతా విసుగొస్తుంది, అమ్మేయాలనిపిస్తుంది. అమ్మకంలో కూడా పద్ధతి ఉంది. "చదువుకు మాత్రమే వాడింది, ఆటలు ఆడలేదు, డబ్బా ఉంది, బిల్లు పోయింది" అని రాయి. డబ్బా మీది జీబీల అంకె పెద్దగా కనబడేట్టు ఫోటో తియ్యి. వింజమూరు నుంచో, అనంతసాగరం నుంచో ఒక పిలకాయ వస్తాడు. మోటార్ల వేళలో రానీకు, వోల్టేజి దిగితే నీ ఎస్‌ఎంపీఎస్ పరువు పోతుంది. రాత్రి తొమ్మిది తర్వాత రమ్మను. వాడు కార్డును ముక్కు దగ్గర పెట్టుకుని చూడబోయాడంటే, మా ఇంట్లో పూజలు ఎక్కువ అబయా, అగరొత్తులు ఆరవు అని చెప్పు.