పారిజాత సూత్రము: సటీకా తాత్పర్యము

మూలము:
"ఏం చెయ్యక్కర్లేదండి. ఎండ తగిలే చోట పాతెయ్యండి. అదే వచ్చేత్తాది."

అవతారిక: కడియం నుంచి మొక్కల లారీతో వచ్చిన ఒకానొక నర్సరీ ఆయనను, పారిజాతం మొక్క కొన్న గృహస్థు "దీనికేం చెయ్యాలండీ?" అని అడుగగా, ఆయన చిల్లర లెక్కపెట్టుకుంటూ ఉపదేశించిన సూత్రమిది. సూత్రమన్నది అల్పాక్షరంగా ఉండాలి, అసందిగ్ధంగా ఉండాలి అన్నారు పెద్దలు. మొదటి లక్షణం దీనికి పుష్కలంగా ఉంది. మెదకు సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ఆయన కాళిదాసుకు రాశాడు గనక చెల్లింది. ఇక్కడ మూలంలో ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ.

ప్రతిపదార్థము: ఏం = ఏమియు; చెయ్యక్కర్లేదు = చేయ నవసరము లేదు; అండి = ఓ కొనుగోలుదారుడా (గౌరవార్థకము; అమ్మిన మొక్క తిరిగి పుచ్చుకొనబడదని ధ్వని); ఎండ తగిలే చోట = సూర్యకిరణములు సోకు తావున, అనగా ప్రహరీగోడ పక్కన, అనగా కారు పెట్టుకొను చోట; పాతెయ్యండి = పాతివేయుడు; అదే = ఆ పారిజాతమే; వచ్చేత్తాది = వచ్చివేయును.

తాత్పర్యము: ఓ గృహస్థా! నీవు ఊరకుండుము.

పాఠాంతరము: హైదరాబాదు ప్రతులలో "అదే వస్తది సార్" అని ఉన్నది. అర్థభేదము లేదు.

శంక: ఏ పారిజాతము? అమరకోశం దేవతరువులైదింటిలో పారిజాతాన్ని లెక్కపెట్టింది గాని, ఆకు చూపించలేదు. అది బాడిద చెట్టేనని కొందరు. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ జిల్లా కింతూరులో పారిజాతమని పూజలందుకునే మహావృక్షం నిజానికి బావోబాబ్, అంటే మన గోల్కొండ నయాఖిల్లాలో ఏనుగుల చెట్టని పిలుచుకునే దాని జాతిది. పెరట్లో దాన్ని పెట్టుకుంటే ఇల్లు వేరేచోట కట్టుకోవాలి. సమాధానము: ఇక్కడ మల్లె కుటుంబంలోని చిన్న చెట్టే వివక్షితము. సాయంత్రం విచ్చి తెల్లారేసరికి రాలేది, తెల్లని రేకులకు నారింజరంగు కాడ ఉండేది. ఆ కాడను వేళ్ళమధ్య నలిపితే రంగు అంటుకుంటుంది. పూర్వం పట్టుబట్టలకు ఆ రంగే వేసేవారు. ఆకు మీద వేలు రాస్తే ఉప్పుకాగితం తగిలినట్టుంటుంది. లేత కొమ్మ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. కొనేముందు ఈ రెండూ తడిమి చూసుకోవలెను.

"పాతెయ్యండి": సంచితో సహా పాతమని కాదు. అలా అన్వయించుకున్నవారు కలరు. నల్ల ప్లాస్టిక్ సంచిని బ్లేడుతో నిలువునా కోసి, అడుగున చుట్టలు చుట్టుకుపోయిన వేళ్ళను మెల్లగా విడదీసి, మోకాలి లోతు గుంటలో ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నాటాలని భావము. బంకమట్టి అయితే ఇసుక కూడా కలపాలి. నీళ్ళు నిలిచాయా, వేరు కుళ్ళుతుంది. ఎండ సంగతి సులభగ్రాహ్యము గనుక వ్యాఖ్యానింపబడలేదు.

"ఏం చెయ్యక్కర్లేదు": సూత్రమంతటిలో కఠినమైన భాగమిది. పారిజాతం ఆకు రాల్చే చెట్టు. కార్తీకం దాటాక పూత సన్నగిల్లుతుంది, శివరాత్రి వచ్చేసరికి ఆకులు పండి ఊడుతూ ఉంటాయి, ఎండలు ముదిరేనాటికి వాకిట్లో నాలుగు పుల్లలు నిలబడి ఉంటాయి. అప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాడూ వైద్యుడే. "ఎండిపోయిందండీ, కొట్టించెయ్యండి" అంటాడు ఒకడు. "డీఏపీ వెయ్యండి" అంటాడు ఇంకొకడు. గృహిణి జాలిపడి పొద్దున రెండు బకెట్లు, సాయంత్రం రెండు బకెట్లు గుమ్మరిస్తుంది. ఎండకు చావని చెట్టు ఈ దయకు చస్తుంది. కొమ్మ మీద గోటితో కాస్త గీకితే బెరడు కింద పచ్చదనం కనిపిస్తుంది. కనిపిస్తే, మట్టి బాగా ఆరినప్పుడు మాత్రం కాసిని నీళ్ళు చల్లి లోపలికి వెళ్ళిపోవాలి. తొలకరి పడేసరికి అది తన ఆకులు తాను తెచ్చుకుంటుంది.

అయితే ఆకు రాలాక, చిగురు రాకముందు, కొమ్మలను మూడోవంతు కత్తిరించడం ఈ నిషేధంలోకి రాదని ఒక మతం. టీకాకారుడిదీ ఆ మతమే. పూలు కొత్త చిగుళ్ళ కొసల్లోనే పూస్తాయి. కత్తెర పెట్టడానికి మనసొప్పని ఇళ్ళలో చెట్టు సన్నగా డాబా ఎత్తుకు పోయి, పూత పిట్టగోడ వాళ్ళకే కనిపిస్తుంది. వానాకాలంలో కత్తిరించినవారికి ఆ ఏటికి ఆకులే ప్రాప్తము.

"అదే": ఇందులోని ఏవకారం గృహస్థు ప్రమేయాన్ని తోసిపుచ్చుతున్నది. శ్రావణ భాద్రపదాల్లో మొదలై పూలు రాలతాయి. ఎక్కడ? గోడకు అవతల. చెట్టు సత్యభామ పెరట్లో, పూలు రుక్మిణి వాకిట్లో అని జనం చెప్పుకునే కథ ప్రహరీల శాస్త్రమే. నంది తిమ్మన ఈ తగవు మీద రాయలవారి కాలంలో కావ్యమే రాశాడు. అక్కడ తగవుకు ఒక్క పువ్వు చాలింది. నేలరాలిన పూలు దేవుడికి పెట్టకూడదన్న ఆచారంలో పారిజాతానికి మినహాయింపు ఉంది గనుక, పక్కింటావిడ తెల్లారకముందే పాత చీర పరిచి, "పిన్నిగారూ, మన పారిజాతం ఈవేళ విరగబూసిందండీ" అంటుంది. మాఘంలో ఆమే చీపురు పట్టుకుని, "మీ చెట్టు మాకు చాకిరీ పెట్టిందండీ" అంటుంది. ఒకే వస్తువు పలురకాలుగా భాసించడం చేత ఇది ఉల్లేఖాలంకారము.

గ్రంథపాతము: వానలు పట్టగానే మొదలుమీద జానెడు మేర బూడిదరంగు బొచ్చు పుడుతుంది. చెయ్యి పెడితే కదులుతుంది. గొంగళిపురుగులు. పగలంతా కాండానికి గుంపుగా కరుచుకుని ఉండి, రాత్రి ఎక్కి ఆకులు తింటాయి. బొచ్చు తగిలితే చర్మం దద్దుర్లెక్కుతుంది. పట్టకారుతో సబ్బునీళ్ళ బకెట్లోకి దులపడం, వేపనూనె కొట్టడం అనుభవజ్ఞుల పద్ధతి. వీటిని గురించి మూలంలో ఒక్క అక్షరం లేదు. ఇంతటి మూలకారుడు ఇంతటి విషయాన్ని విడిచిపెట్టి ఉండడు. చిల్లర ఇచ్చేటప్పుడు లారీ హారను మోతలో ఒక వాక్యం లోపించి ఉంటుందని ఊహ. ఆ వాక్యమున్న ప్రతి ఎవరివద్దనైనా ఉంటే మృగశిర కార్తెలోగా తెలుపగలరు.