మైకు పట్టబోయే తమ్ముడికి

తమ్ముడూ, టికెట్ వచ్చింది, ఫ్లెక్సీలు కట్టారు. ఇక మాట్లాడటమే మిగిలింది. నిజమో అబద్ధమో తేల్చడానికి వీలున్న మాట నీ నోట రాకూడదు, జనం చేత అనిపించాలి. "ఈ ఊరిని వాళ్లు దోచుకున్నారా లేదా? గట్టిగా చెప్పండి!" అని మైకు జనం వైపు తిప్పు. "దోచుకున్నారు" అని కేక వస్తుంది. నువ్వు ఆరోపణ చేయలేదు, ప్రశ్న అడిగావంతే. రుజువు కావాలన్నవాళ్లు ఆ కేక వేసినవాళ్లను వెతుక్కుంటారు.

తర్కం జోలికి పోకు. నువ్వు గెలిచిన ఏడు చెరువు నిండితే నువ్వు కాలుపెట్టిన వేళావిశేషం, ఎండితే వాతావరణ మార్పు. కాకతాళీయం అని ఎవడైనా గొణిగితే "నీది ఏ పార్టీ?" అంటే చాలు. రోడ్డు మీద గుంతల గురించి అడిగారా? "అంటే మన ఊరికి బస్సు రావడం మీకు ఇష్టం లేదా?" అను. ఎదుటివాడి మాటకు లేని అర్థం అంటగట్టి ఖండించడాన్ని గౌతముడి న్యాయసూత్రాలు ఛలం అన్నాయి, తప్పుల్లో వేశాయి. ఆయన ఎన్నికల్లో నిలబడలేదులే.

బెదిరింపుకు మాత్రం సాధన కావాలి. "మాకు ఓటెయ్యకపోతే పింఛను ఆపేస్తాం" అంటే ఎన్నికల సంఘం నోటీసు వస్తుంది. "వాళ్లొస్తే నీ పింఛను ఆగిపోతుందేమోనని నా బెంగ, అవ్వా" అంటే సానుభూతి. అవ్వకు పట్టే భయం రెండింటిలోనూ ఒకటే. క్షమాపణ చెప్పాల్సి వస్తే "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అని మొదలుపెట్టు. నొచ్చుకోవడం వాళ్ల తప్పవుతుంది.

హామీల దగ్గర కర్తను దాచు. ప్రమాణస్వీకారంలో "అనే నేను" అనక తప్పదు, అదంటేనే మంత్రివవుతావు. ఆ తర్వాత పనులన్నీ వాటంతట అవే జరగాలి. 2009 డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ ప్రారంభమవుతుందన్నారు. ఎప్పటికి ముగుస్తుందో అనలేదు. అదే నెల 23న, విస్తృతంగా సంప్రదింపులు జరగాలన్నారు. రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. ఆ మధ్యకాలంలో పోయిన ప్రాణాలు వ్యాకరణానికి పట్టవు.

అంతకంటే పై మెట్టు, నోటితో అని చట్టంలో రాయకపోవడం. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు ప్రత్యేక హోదా అన్నారు. విభజన చట్టంలో ఆ మాట లేదు. తర్వాతి ప్రభుత్వం 2016లో దానికి బదులు ప్యాకేజీ ప్రకటించింది. ఒకరు అన్నారు, ఇంకొకరు దాటేశారు, ఎవరి వాక్యం వాళ్లకు సరిపోయింది.

ఒక్క జాగ్రత్త. పార్లమెంటులో మంత్రి "పరిశీలిస్తాం" అన్నా దాన్ని హామీ కింద రాసుకుని, మూడు నెలల్లో ఏం చేశారని అడగడానికి ఒక కమిటీ ఉంది. గడువు పొడిగించమని కోరొచ్చు గానీ, ఎందుకొచ్చిన తలనొప్పి? పెద్ద మాటలన్నీ మైదానంలోనే ఆడు. అక్కడ రాసుకునే కమిటీ లేదు.