ముందు మీ గది పాసవ్వాలి

అమెరికాలో ఎంఎస్ చదవాలంటే ఇంగ్లీషు రావాలి, లెక్కలు రావాలి అని మా ఇందూరు (నిజామాబాద్) కోచింగ్ సెంటర్లు ఇంకా పాత పాటే పాడుతున్నాయి. అడ్మిషన్ రాసుకునే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: మీ ఇంట్లో తలుపున్న ఖాళీ గది ఉందా?

కరోనా పుణ్యమా అని 2020లో ఈ అడ్మిషన్లకు అడిగే జీఆర్‌ఈ, టోఫెల్ పరీక్షలు ఇంట్లోనే రాసుకోవచ్చని వాటిని నడిపే ఈటీఎస్ వారు వరమిచ్చారు. వరానికి షరతులు లేకుంటే ఎట్లా? గదిలో అభ్యర్థి ఒక్కరే ఉండాలి. తలుపు మూసుండాలి, ఆ మూసిన తలుపు కెమెరాలో కనబడుతుండాలి. మంచం మీద కూర్చోరాదు, సోఫా పనికిరాదు. చెవుల మీద వెంట్రుక పడరాదు. లెక్క చేసుకోవడానికి మామూలు కాగితం వాడరాదు. చిన్న వైట్‌బోర్డు మీద రాసి, చివర్లో ఆన్‌లైన్‌లో కాపలా కాసే ప్రొక్టర్ చూస్తుండగా తుడిచెయ్యాలి. మొదలుపెట్టే ముందు కెమెరాతో గదంతా తిప్పి చూపించాలి. పెళ్లిచూపులకు వచ్చినోళ్లు కూడా మన బల్ల కిందికి వంగి చూడరు.

ఇప్పుడు బోధన్‌లోనో ఎడపల్లిలోనో ఒక ఇల్లు తీసుకోండి. ముందర వరండా, వెనక వంటిల్లు, నడుమ ఒకటే గది. దానికి తలుపు లేదు, పరదా ఉంది. లోపల పసుపు సంచులు, బియ్యం డ్రమ్ము, మూలకు తునికాకు కట్టలు, బీడీల చాట. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్కగట్టే ఇంట్లో చాట ఒక పూట పక్కన పెడితే ఆ పూట కూలి పోయినట్టే. ఈ ఖర్చు ఫీజు రసీదులో కనిపించదు.

సామాను బాపు, తమ్ముడు బయటికి మోస్తారు. నానమ్మను పక్కింట్లో కూర్చోబెడతారు. జీఆర్‌ఈని 2023లో కుదించి గంటా 58 నిమిషాలు చేశారు గనుక ఆమె అంతసేపే పరాయి ఇంట్లో ఉంటుంది. ఈ దయకు ఈటీఎస్ వారికి దండం. ప్రొక్టర్ పరదానే తలుపుగా ఒప్పుకున్నాడే అనుకుందాం. దాని దగ్గర అమ్మ కాపలా. అయినా సరిగ్గా క్వాంట్ సెక్షన్ నడుస్తుండగా ఎదురింటి వదిన రానే వస్తుంది. “అక్కా, గిర్నికి పోతున్న, కారం పట్టిచ్చేది ఉన్నదా?” పరదా కదిలింది. సముద్రాల అవతల ప్రొక్టర్ కనుబొమ్మ లేచింది. కారం పట్టించడం అంతర్జాతీయ మాల్‌ప్రాక్టీస్ అని ఆ తల్లికేం తెలుసు!

సెంటర్‌కే పోయి రాయొచ్చు కదా అంటారు. పోవచ్చు. హైదరాబాద్ బస్సెక్కి, ముందు రోజే లాడ్జిలో దిగి. రెండింట్లో ఏది ఎంచుకున్నా జీఆర్‌ఈ ఫీజు మాత్రం ఒకటే, మన దేశంలో ఇరవై వేల రూపాయల పైమాటే. సెంటర్‌లో ఆ డబ్బుకు హాలు, ఏసీ, కంప్యూటర్, కుర్చీ ఇస్తారు. ఇంట్లో రాస్తే అవన్నీ మనవే, కరెంటు పోతే ఆ పాపమూ మనదే.

ఇంత కాపలా దేనికంటే, కాపీ కొడతారట. కొట్టేవాళ్లు కొడతారు, కాదనను. కానీ 2023 మార్చిలో బయటపడ్డ టీఎస్‌పీఎస్సీ లీకేజీలో పేపర్లు ఏ నడుమ గదిలోంచి, ఏ పరదా వెనక నుంచి పోయాయి? సాక్షాత్తూ కమిషన్ ఆఫీసులో కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్‌లోంచి. గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయి లక్షల మంది మళ్లీ రాశారు. ఆ సెక్షన్‌లో కెమెరా తిప్పి చూపించమని పరీక్షకు ముందు ఎవరన్నా అడిగారా?

అమెరికాలోనే ఒహాయోలో క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ ఒక విద్యార్థి పడకగదిని ఇట్లాగే కెమెరాతో చూపించమంటే, అతను కోర్టుకెక్కాడు. అది రాజ్యాంగానికి విరుద్ధమైన సోదా అని 2022 ఆగస్టులో ఫెడరల్ జడ్జి తేల్చారు. అది సర్కారు యూనివర్సిటీ గనుక రాజ్యాంగం అడ్డొచ్చింది. మన గదికి ఏ రాజ్యాంగం అడ్డొస్తుంది? “ఐ అగ్రీ” అని మనమే నొక్కాం కదా.

అన్ని షరతులకూ సరిపోయే చోటు మా వైపు లేకపోలేదు. 1937లో కట్టిన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించాక మిషన్ చప్పుడు లేదు, మనిషి అలికిడి లేదు. తలుపులు భేషుగ్గా మూసే ఉన్నాయి. ఎన్నికలు రాగానే తెరిపిస్తామంటారు గానీ, ఆ మాటను ప్రొక్టర్ కూడా సీరియస్‌గా తీసుకోనక్కర్లేదు. బల్ల, కుర్చీ వేస్తే అయిపాయె.

అది కుదరదంటే ఒక చిన్న మనవి. ఇంటర్ పరీక్షల్లో హాల్లో నిలబడ్డ మాస్టారికి కూడా ఇన్విజిలేషన్ డబ్బులిస్తారు. గంటా 58 నిమిషాలు పరదా పట్టుకుని నిలబడ్డ అమ్మ పేరున కూడా ఒక బిల్లు రాయండి. టీఏ అక్కర్లేదు, వంటింట్లోంచే వచ్చింది.