ఫొటో సంగతి సరే, కుటుంబం మంచిదేనా?

ఆకాశంలో ఎగిరే పళ్ళెం కనిపించిందని ఎవరైనా ఫొటో పట్టుకొస్తే, లోకం ముందు ఫొటోను చూడదు. తెచ్చినవాణ్ణి చూస్తుంది. ఏం చేస్తుంటాడు? తాగుడు అలవాటుందా? అప్పులున్నాయా? ఫొటోకి డబ్బులేమైనా అడిగాడా? అచ్చం పెళ్ళి సంబంధం చూసినట్టే. అబ్బాయి నెమ్మదస్థుడు, కట్నం ఊసే ఎత్తలేదు, ఇంకేం ఆలోచిస్తారండీ, తాంబూలాలు పుచ్చేసుకోండి! ఫొటోలో ఉన్నది గ్రహాంతర నౌకో, సత్తుగిన్నె మూతో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇలా కుదిరిన సంబంధాల్లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంవారిది చాలా పేరున్న సంబంధం. 1950 మే 11 సాయంత్రం, మెక్‌మిన్‌విల్ అనే ఊరి దగ్గర పాల్ ట్రెంట్ అనే రైతు భార్య ఎవలిన్ కుందేళ్ళకు మేత వేసి వస్తూ తలెత్తింది. పైన పళ్ళెం. మొగుణ్ణి కేకేసింది. ఆయన కెమెరా వెతికి తెచ్చి రెండు ఫొటోలు తీశాడు. అంతటి వింత చూసినవాళ్ళు మర్నాడే ఫిల్ము కడిగించాలా వద్దా? వీళ్ళు ఆగారు. రీలులో ఇంకా కొన్ని ఫొటోలకు చోటుంది, వృథా ఎందుకని. (ఈ కథ మొత్తంలో నేను కళ్ళు మూసుకుని నమ్మేది ఈ ఒక్క ముక్కనే.) తీరా స్థానిక పత్రిక విలేకరి వెళ్ళి నెగటివ్‌లు అడిగితే సోఫా కింద, పిల్లలు ఆడుకునే చోట దొరికాయట. జూన్ నెలాఖరుకల్లా ఫొటోలు లైఫ్ పత్రికకెక్కాయి. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఏటా మే నెలలో పళ్ళేల ఉత్సవం చేస్తారు.

ఫొటోల తరఫున ఆనాటి నుంచీ నడుస్తున్న వాదన ఇది: వాళ్ళు డబ్బు అడగలేదు, పేరు కోరలేదు, పైగా నెగటివ్‌లను సోఫా కింద పారేశారు. అబద్ధమాడేవాళ్ళు ఇంత అజాగ్రత్తగా ఉంటారా? ఆ లెక్కన మా ఇంట్లో సోఫా కింద పడున్న గ్యాస్ రసీదులన్నీ సత్యహరిశ్చంద్రుడి స్వదస్తూరీయే.

అలాగని నెగటివ్‌లను ఎవరూ చూడలేదని కాదు. అమెరికా వాయుసేన డబ్బుతో ఎడ్వర్డ్ కాండన్ నడిపిన పరిశోధనలో విలియం హార్ట్‌మన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు వాటిని ముందేసుకుని కూర్చున్నాడు. దూరాన ఉన్న కొండలు పాలిపోయి కనిపిస్తాయి కదా, మధ్యలో ఉన్న గాలి చేసే పని అది. పళ్ళెం అడుగున పడిన నీడ, పెరట్లో ఉన్న తొట్టి కింది నీడకంటే పాలిపోయి ఉంది. కాబట్టి పళ్ళెం కిలోమీటరుకు పైగా దూరాన ఉండాలి, అంత దూరాన ఉండి అంత కనిపించిందంటే చాలా పెద్దదే అయ్యుండాలి అన్నాడు. బూటకం కాదని మాత్రం గట్టిగా చెప్పలేనని కూడా రాశాడు. ఆ రెండో వాక్యాన్ని అభిమానులు అంతగా చదవరు.

తర్వాత రాబర్ట్ షేఫర్ అనే పరిశోధకుడొచ్చి, లెన్స్ మురికిగా ఉన్నా నీడలు అలాగే పాలిపోతాయి కదా అన్నాడు. అంతటితో ఊరుకోకుండా గ్యారేజీ గోడ కేసి వేలు చూపించాడు. అది తూర్పు వైపు గోడ. దాని మీద చూరు నీడలు పడ్డాయి. ఫొటో తీసింది సాయంత్రం ఏడున్నర ప్రాంతంలోనని ట్రెంట్ దంపతులంటారు. సాయంత్రం ఏడున్నరకు తూర్పు గోడ మీద నీడలెలా పడ్డాయి? వెలిగిపోతున్న మబ్బొకటి తూర్పున ఉండి ఉంటుందని మరో నిపుణుడు సర్దిచెప్పాడు. పెళ్ళిచూపుల్లో పిల్లాడి నత్తిని ‘అది వాడి మాటతీరండీ’ అనే మేనమామ ప్రతి కుటుంబంలోనూ ఉంటాడు.

ఇంతకన్నా ముచ్చటైన సంగతి ఇంకోటుంది. రెండు ఫొటోల్లోనూ పైన కరెంటు తీగలు అడ్డంగా వెళ్తుంటాయి, రెండింట్లోనూ పళ్ళెం సరిగ్గా ఆ తీగల కిందే ఉంటుంది. ఆకాశమంతా ఖాళీగా ఉండగా కోటానుకోట్ల మైళ్ళు దాటొచ్చిన నౌక పోయిపోయి బట్టలారేసినట్టు తీగ కిందే ఎందుకు నిలబడిందని అడిగితే మర్యాద కాదు. 2013లో ఫ్రెంచి విశ్లేషకులు కొందరు ఆ మర్యాద పక్కనబెట్టి కొలిచి, అది దారంతో వేలాడదీసిన చిన్న వస్తువని తేల్చారు.

అసలు చిక్కంతా దూరం దగ్గరే. పది అడుగుల దూరాన ఉన్న అడుగు వెడల్పు మూతా, వెయ్యి అడుగుల దూరాన ఉన్న వంద అడుగుల నౌకా ఫొటోలో ఒకే సైజు. ఆ దూరం ఎంతో తెలుసుకోవడానికి ఫొటో తీసినవాడి శీలం పనికిరాదు.

బెల్జియం వాళ్ళు శీలం మీద ఆధారపడలేదు, సాక్షాత్తూ సైనిక విద్యాలయం చేతే పరీక్ష చేయించారు. 1990లో పెటి-రెషాన్‌లో తీసిన ఫొటో అది: నల్లని త్రికోణం, మూలల్లో దీపాలు. ఏళ్ళ తరబడి విశ్లేషించారు, మోసం పట్టుబడలేదు. 2011లో తీసినాయనే టీవీలో కనిపించి, అదొక థర్మాకోల్ ముక్కండీ, రంగేసి బల్బులు పెట్టానని చెప్పాడు. మన ఎనిమిదో తరగతి సైన్స్ ఎగ్జిబిషన్ సరంజామా అన్నమాట. ఇరవయ్యేళ్ళు ఒక దేశం దాని ముందు తల గోక్కుంటూ నిలబడింది.

సరే, అబద్ధాలకోరుల సంగతి వదిలేద్దాం. నిజాయితీపరులైతే? 2012లో లద్దాఖ్‌లో మన సైనికులు నెలల తరబడి కొండల పైన వెలుగులు చూశారు. చైనా డ్రోన్లేమోనని రాసి పంపారు. సరిహద్దులో చలికి వణుకుతూ కాపలా కాసేవాళ్ళ మాటకన్నా నమ్మదగిన సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థవాళ్ళు లెక్కలు కట్టి, ఒకరు శుక్రుడు, ఇంకొకరు గురుడు అని చెప్పారు. మౌఢ్యంలో పడి ఏటా మన పెళ్ళిళ్ళు ఆపించేది వీళ్ళే. అక్కడ సైన్యానికి నిద్ర లేకుండా చేశారు.

అమెరికా నౌకాదళం తీసిన ‘గోఫాస్ట్’ వీడియో మాత్రం నాకు కాస్త ఇష్టం. సముద్రం మీద ఏదో రివ్వున దూసుకుపోతున్నట్టుంటుంది. అయితే ఆ తెర మీదే ఎత్తు, కోణం, దూరం అంకెలు ఉన్నాయి. నాసా నియమించిన బృందం 2023లో ఆ అంకెలతో హైస్కూలు త్రికోణమితి చేసింది. వస్తువు వేగం గంటకు సుమారు 40 మైళ్ళని తేలింది. పరుగెత్తింది కెమెరా మోస్తున్న విమానం. పళ్ళెంగారు గాలివాటుకు పోతున్నారు. పైలట్ ఎంత పెద్దమనిషో ఎవరూ విచారించలేదు, అవసరం పడలేదు.

మన ఫోన్ ఫొటోలకూ ఇలాంటి జాతకం ఉంటుంది. ఎప్పుడు తీశారు, ఏ లెన్స్, ఎంత సేపు వెలుతురు పట్టారు, అన్నీ ఫైల్లోనే రాసుంటాయి. దాన్ని వాట్సాప్‌లో ఒక్కసారి ఫొటోగా పంపితే చాలు, ఆ జాతకం చెరిగిపోతుంది. అందుకే ‘అసలు ఫైలు ఇవ్వండి, అంచులు కత్తిరించకుండా, ముందూ వెనకా తీసినవి కూడా’ అని అడిగి చూడండి. ఫోన్ పోయిందంటారు. నిలదీస్తే, ‘మా బావ అబద్ధం ఆడతాడంటారా?’ అని ఎదురడుగుతారు. బావగారు మంచివారే. ఆయన పక్కనున్న వీధి దీపం లెన్స్‌లో పడి తేలియాడే వెలుగైంది, అంతే.

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో నిజంగానే ఒక వింత వస్తువు ఆకాశం నుంచి దిగింది. జనం మూగారు, తలో ఫోనూ తీశారు. హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి బెలూన్‌కు కట్టి పంపిన క్యాప్సూల్ అది, అంతరిక్ష పర్యాటకం కోసం స్పెయిన్ కంపెనీ ఒకటి చేసిన ప్రయోగం. అందరూ దగ్గర నుంచి, పట్టపగలు, నలువైపుల నుంచీ తీశారు. ఆ ఫొటోలు ఎంత స్పష్టంగా వచ్చాయంటే, వాటి మీద ఎవరూ ఒక్క పుస్తకం కూడా రాసుకోలేరు.